బాత్రూంలోని గ్యాస్ గీజర్‌ని యుటిలిటీకి మార్చాలి: పైపు దూరం, ప్రెషర్, గ్యాస్ లైను సంగతి చెప్పండి

రెండో_అంతస్తు

నమస్కారమండీ. బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో సొంతిల్లు. మేముండేది రెండో అంతస్తు, ఆపైన టెర్రస్. కామన్ బాత్రూంలో 6 లీటర్ల ఎల్పీజీ గ్యాస్ గీజర్ ఉంది. దాన్ని వంటింటి వెనక యుటిలిటీలోకి మార్చి, అక్కణ్ణుంచే రెండు బాత్రూంలకీ సింకుకీ వేడినీళ్ళు ఇవ్వాలని ఆలోచన.

బాత్రూం 5 × 7 అడుగులు, ఎత్తు 9 అడుగులు. అద్దాల పలకల వెంటిలేటర్ ఒకటే ఉంది. యుటిలిటీ 4 × 7 అడుగులు, ఒక వైపు గ్రిల్లు, అందులో వాషింగ్ మెషీన్ ఉంది. అక్కణ్ణుంచి పైపు దూరం సింకుకి 4 మీటర్లు, కామన్ బాత్రూంకి 7, మాస్టర్ బాత్రూంకి 12. మాస్టర్‌లో గీజర్ పాయింటు ఉంది గానీ ఏమీ బిగించలేదు. వీధిలో పీఎన్జీ (పైపులో ఇంటికొచ్చే సహజవాయువు) లైను వేస్తున్నారు, కొన్ని నెలల్లో కనెక్షన్ వస్తుందంటున్నారు.

ప్లంబర్ "అర అంగుళం సీపీవీసీ (వేడినీళ్ళకి వాడే ప్లాస్టిక్ పైపు) లాగేస్తే ఒక రోజు పని" అంటున్నాడు. టైల్స్ పగలగొట్టకుండా అవుతుందా? 12 మీటర్లంటే మరీ ఎక్కువా? ఇప్పటికే షవర్ తిప్పినప్పుడు ఒక్కోసారి మంట ఆరిపోతోంది, బకెట్ కుళాయికి మాత్రం బాగానే వెలుగుతుంది. ఇది గీజర్ లోపమా?

నీలిమంట

మార్చాలన్న నిర్ణయం సరైనదే. ప్రెషర్ సంగతి తర్వాత, ముందు గాలి లెక్క చూడండి.

6 లీటర్ల గీజర్ నిమిషానికి 6 లీటర్ల నీళ్ళని 25 డిగ్రీలు పెంచాలంటే పదిన్నర కిలోవాట్ల వేడి నీళ్ళలోకి ఎక్కాలి. మంట దగ్గర అది పన్నెండున్నర దాకా ఉంటుంది, అంటే గంటకి కిలోకి కాస్త తక్కువగా ఎల్పీజీ. కిలో ఎల్పీజీ పూర్తిగా కాలడానికి సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. మీ బాత్రూం మొత్తం 9 ఘనపు మీటర్లు. తలుపేసుకుని, చలికి వెంటిలేటర్ పలకలు మూసి పది నిమిషాలు స్నానం చేస్తే గదిలో ఆక్సిజన్ దాదాపు నాలుగో వంతు మంటకే పోతుంది. ఆక్సిజన్ తగ్గిన చోట మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్ళు మండవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మనిషికి తల తిరిగినట్టు అనిపించేసరికే గడియ తీసే ఓపిక ఉండదు. గీజర్ మారేదాకా బకెట్లు నింపుకుని, గీజర్ ఆపి, తలుపు తెరిచి ఉంచి కాస్త ఆగాకే స్నానానికి వెళ్ళండి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే చాలని కొందరంటారు. గాలి లోపలికి వచ్చే దారి లేకుండా బయటికి లాగే ఫ్యాను ఒక్కటే ఉంటే గీజర్ పొగని కిందికే గుంజుతుంది.

ఇక యుటిలిటీలో చూసుకోవలసినవి. ఆ గ్రిల్లు ఎటు వైపు తెరుచుకుంటోంది, రోడ్డుకా, బాత్రూంల వెనక పైపులు దిగే డక్టుకా? డక్టు అయితే కాలిన గాలి పైకి పోయే దారిలో ఇతరుల బాత్రూం వెంటిలేటర్లుంటాయి. మీ ఇంట్లోంచి తీసేసిన ప్రమాదాన్ని ఇంకొకరికి పంపినట్టవుతుంది. రోడ్డు వైపో వెనక సందు వైపో అయితే ఫర్వాలేదు. దుమ్ముకీ వానకీ విసిగి ఆ గ్రిల్లుకి తర్వాతెప్పుడో యూపీవీసీ స్లైడింగ్ వేయించుకుంటారు చూడండి, అసలు తప్పు అక్కడ జరుగుతుంది. వేయించిన రోజు నుంచి యుటిలిటీ కూడా మూసిన గదే. వేయించుకోవాలని ఉంటే కిందా పైనా మూయడానికి వీల్లేని జాలీలు ఇప్పుడే పెట్టించండి.

చిమ్నీని చాలామంది మరిచిపోతారు. వంటింటి కిటికీలు మూసి, యుటిలిటీ తలుపు తెరిచి, చిమ్నీ వేస్తే అది గాలిని యుటిలిటీలోంచే లాక్కుంటుంది. అదే సమయంలో గీజర్ మండుతుంటే ఆ పొగ వంటింట్లోకి వస్తుంది. గీజర్‌ని తలుపుకి దూరంగా, గ్రిల్లు వైపు మూలన పెట్టండి. పైన కనీసం 30, పక్కలకి 15 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. మాన్యువల్‌లో అంతకన్నా ఎక్కువ అడిగితే అదే పాటించండి. బట్టలారేసే పుల్లీ దండెం దాని నెత్తి మీద ఉండకూడదు. పైనుంచి వచ్చే గాలికి నైటీ అంచు మాడటమే కాదు, తడి బట్ట పొగ దారికి అడ్డం పడుతుంది కూడా.

ముప్పావు_అంగుళం

షవర్‌కి మంట ఆరిపోవడం గీజర్ లోపం కాకపోవచ్చు, ఎత్తు లోపం. గ్యాస్ గీజర్‌లో నీళ్ళు ఒక డయాఫ్రంని (పల్చటి రబ్బరు పొరని) నెడితేనే గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. చాలా మోడళ్ళకి నిమిషానికి రెండున్నర లీటర్ల చుట్టూ ప్రవాహం ఉండాలి. అది తగ్గగానే మంట పోతుంది. బకెట్ కుళాయి కిందుంటుంది కాబట్టి ప్రవాహం వస్తుంది, షవర్ 7 అడుగుల మీద ఉంటుంది కాబట్టి రాదు. ట్యాంకు అడుగు నుంచి షవర్ తల వరకు నిలువున ఎంతుందో కొలిచి చెప్పండి. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్. టాప్ ఫ్లోర్ వాళ్ళకి 0.2 బార్ ఉంటే గొప్ప.

అర అంగుళం సీపీవీసీ లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ. అందులో నిమిషానికి 6 లీటర్లు పారితే మీటరుకి 7.5 సెంటీమీటర్ల ఎత్తు, అంటే అంత ఎత్తు నీళ్ళ ప్రెషర్, రాపిడికే పోతుంది. 12 మీటర్లకి 90 సెంటీమీటర్లు, ఎల్బోలన్నీ కలిపితే ఇంకో అడుగు. ముప్పావు అంగుళంలో అదే ప్రవాహానికి మీటరుకి 1.2 సెంటీమీటర్లే, 12 మీటర్లకి 14. ఒక రోజు పనే, కాదనను. ఆ తర్వాత షవర్‌లో చన్నీళ్ళే వస్తాయి.

ఎంసీబీ_ట్రిప్

ఇంత తంటా ఎందుకండీ? గ్యాసే తీసేసి రెండు బాత్రూంలలో చెరో 25 లీటర్ల స్టోరేజ్ గీజర్ పెట్టుకోండి. పైపు లాగక్కర్లేదు, తక్కువ ప్రెషర్‌కీ పనిచేస్తుంది. 25 లీటర్లని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి ఒక యూనిట్ చాలు, 2 కిలోవాట్లకి అరగంట. ఒక్కోదానికి విడిగా 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు, 16 ఆంపియర్ ఎంసీబీ, ఫేజూ న్యూట్రలూ రెండూ ఆపే డీపీ స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది), పక్కా ఎర్తింగ్. బెస్కాం కరెంటు బిల్లు మీద శాంక్షన్డ్ లోడ్ (మీ ఇంటికి అనుమతించిన లోడు) ఎంతుందో చూసుకోండి. అది 3 కిలోవాట్లే అయి ఉంటే ముందు పెంచుకోవాలి.

నీళ్ళు నింపితే 35 కిలోలు దాటుతుంది. 4 అంగుళాల సాలిడ్ బ్లాక్ గోడైతే ఫాస్నర్ పట్టుకుంటుంది. తేలిక బ్లాకులైతే కెమికల్ యాంకర్ వేయాలి, లేదంటే గోడకి అవతలి వైపు ప్లేటు పెట్టి బోల్టు దూర్చాలి.

నీలిమంట

ఎంసీబీ గారు చెప్పింది తీసిపారేసే మాట కాదు. ఖర్చు పోల్చుకోవాలంటే: 14.2 కిలోల సిలిండర్‌లోంచి నీళ్ళకి ఎక్కే వేడి అలాంటి 25 లీటర్ల ట్యాంకులు 150 నింపేంత. ఒక సిలిండర్ ధరని 150 యూనిట్ల కరెంటు ధర పక్కన పెట్టి చూసుకోండి. ధరలు మారితే జవాబూ మారుతుంది. నలుగురైదుగురు పొద్దున్నే వరుసగా స్నానాలకి వెళ్ళే ఇంట్లో గ్యాస్‌కి ఒక లాభం ఉంది, ట్యాంకు ఖాళీ అవడమంటూ ఉండదు.

రెండో_అంతస్తు

అందరికీ థాంక్స్. టేపు పెట్టి కొలిచాను. ట్యాంకు అడుగు నుంచి షవర్ తల వరకు ఆరున్నర అడుగులు, అంటే 2 మీటర్లు. షవర్ 7 అడుగుల మీద, బకెట్ కుళాయి రెండున్నర అడుగుల మీద ఉన్నాయి. గ్రిల్లు వెనక సందు వైపే, డక్టు కాదు. స్లైడింగ్ వేయించే ఉద్దేశం ఉండేది, ఇప్పుడు మానుకున్నాం. ట్యాంకు నుంచి మూడు లైన్లు వేరువేరుగా దిగుతున్నాయి: ఒక్కో బాత్రూంకి ఒకటి, వంటిల్లూ యుటిలిటీ కలిపి ఒకటి. నీళ్ళు కావేరీ, బోరు కలిపి. స్టోరేజ్ గీజర్ గురించి ఇంట్లో ఒప్పుకోవట్లేదు, అందరం ఏడింటికే స్నానం చేయాలి. గ్యాస్ అయితే పంపు పెట్టక తప్పదా?

ముప్పావు_అంగుళం

పంపు కొనే ముందు ఒక పరీక్ష చేయండి, పైసా ఖర్చు లేదు. తోటకి నీళ్ళు పెట్టే అర అంగుళం గొట్టం 12 మీటర్లది తీసుకోండి. లోపలి వ్యాసం సీపీవీసీ అర అంగుళానికి దగ్గరే. ఒక చివర వాషింగ్ మెషీన్ కుళాయికి బిగించి, రెండో చివర మాస్టర్ బాత్రూంలో 7 అడుగుల ఎత్తున షవర్ చేతికి కట్టండి. కుళాయి పూర్తిగా తిప్పి, 10 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో ఫోన్‌లో చూడండి. గొట్టం మడతలు పడకూడదు. రెండు నిమిషాల లోపు నిండితే నిమిషానికి 5 లీటర్లు వస్తున్నట్టు. గీజర్ లోపల కాయిల్, జాలీ, డయాఫ్రం కొంత తిన్నా వెలగడానికి సరిపోతుంది. మూడు నిమిషాలు దాటితే అర అంగుళం గురించి మళ్ళీ ఎత్తొద్దు. నాలుగు దాటితే ముప్పావుతో కూడా కష్టమే, ఎందుకంటే అప్పుడు టెర్రస్ నుంచి దిగే లైనే సన్నగా ఉందనో, లోపల పాచి కట్టిందనో అర్థం.

పంపు అవసరమైతే ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. మీకు మూడు లైన్లు విడిగా దిగుతున్నాయి. యుటిలిటీ లైనుకి మాత్రమే పంపు పెడితే వేడినీళ్ళకి బలం వస్తుంది, బాత్రూం చన్నీళ్ళు అలాగే ఉంటాయి. మిక్సర్‌లో రెండూ కలిసిన చోట వేడినీళ్ళు చన్నీళ్ళ పైపులోకి ఎదురెక్కి ట్యాంకు దాకా పోతాయి. కాబట్టి ట్యాంకు దగ్గర మూడు లైన్లూ విడిపోక ముందే పంపు పెట్టాలి.

పంపు లేకపోతే దీనికి తలకిందులు. చన్నీళ్ళ దారి పొట్టిది, వేడినీళ్ళ దారి పొడుగు. మిక్సర్ మధ్యలో పెట్టగానే చన్నీళ్ళు వేడి లైనుని తొక్కేస్తాయి, గీజర్‌లో ప్రవాహం పడిపోయి మంట ఆరుతుంది. షవర్ కింద ఉన్న చన్నీళ్ళ యాంగిల్ వాల్వుని సగం మూసి చూడండి. చాలా ఇళ్ళలో దీనికే కుదురుతుంది. షవర్ తలలో నీళ్ళు పొదుపు చేసే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఉంటే దాన్నీ పీకేయండి.

టెఫ్లాన్_టేపు

ముప్పావు అని అందరూ అంటున్నారు గానీ, పైపులో నిలిచే నీళ్ళ సంగతి? ముప్పావులో మీటరుకి పావు లీటరుకి కాస్త ఎక్కువ, అర అంగుళంలో 120 మిల్లీలీటర్లు. 12 మీటర్ల ముప్పావులో 3 లీటర్ల పైన చల్లబడిన నీళ్ళుంటాయి. నిమిషానికి 5 లీటర్లొస్తే 37 సెకన్లు వృథాగా పారాలి. అర అంగుళానికైతే 17. ట్యాంకర్లు కొనే ఊళ్ళో ఇదేం చిన్న విషయం కాదు. కామన్ బాత్రూం చీలిక వరకు 7 మీటర్లు ముప్పావు వేసి, అక్కణ్ణుంచి మాస్టర్‌కి 5 మీటర్లు అర వేస్తే నిలిచేవి 2.4 లీటర్లు, పోయే ఎత్తు 46 సెంటీమీటర్లు.

ముప్పావు_అంగుళం

లెక్క సరే. కానీ మొత్తం ఉన్నదే 2 మీటర్లు, అందులో 46 పోవడం వేరు, 14 పోవడం వేరు. అర వేసి మిగిల్చేది ఎనిమిది సెకన్లే. పంపు పెట్టే ఇల్లయితే టెఫ్లాన్ గారి పద్ధతే మంచిది. పంపు లేకుండా నడపాలంటే చివరిదాకా ముప్పావే. మొదట వచ్చే చన్నీళ్ళని బకెట్‌లో పట్టుకోండి, ఎలాగూ వేణ్ణీళ్ళలో కలుపుకునేవేగా.

రెండో_అంతస్తు

గొట్టం పరీక్ష చేశాను. మొదటిసారి 2 నిమిషాల 35 సెకన్లు. చన్నీళ్ళ లైను గేట్ వాల్వు సగమే తిరిగి ఉందని తర్వాత చూశాం. పూర్తిగా తిప్పాక 2 నిమిషాల 10. అంటే ముప్పావు వేస్తే పంపు లేకుండా గట్టెక్కుతామనే కదా? టైల్స్ సంగతీ, పని ఏ వరుసలో చేయించాలో కూడా చెప్పండి.

టెఫ్లాన్_టేపు

గట్టెక్కుతారు. ఆ గేట్ వాల్వు తీసేసి ముప్పావు బాల్ వాల్వు వేయించండి, ఇంకొంచెం కలిసొస్తుంది.

టైల్స్ ముట్టుకోనక్కర్లేదు. ప్రతి బాత్రూంలోనూ గీజర్ కోసం రెండు పాయింట్లు వదిలి ఉంటారు: ఒకటి చన్నీళ్ళు వచ్చేది, రెండోది గోడలోపల మిక్సర్‌కి పోయే వేడి లైను. కొత్త పైపుని తెచ్చి ఈ రెండో పాయింటుకి కలిపితే లోపలి పాత లైనే పనికొస్తుంది. చన్నీళ్ళ పాయింటుకి అర అంగుళం ఇత్తడి ప్లగ్గు. ఏది ఏదో ఊహించొద్దు. బాత్రూం మెయిన్ వాల్వు తెరిచి, మిక్సర్ వేడి వైపు కట్టేసి, రెండు పాయింట్లూ ఒక్క క్షణం వదిలి చూడండి. నీళ్ళు చిమ్మేదే చన్నీళ్ళది. మాస్టర్‌లో పాయింటు ఇన్నేళ్ళుగా వాడలేదు కాబట్టి లోపల లైను మూసుకుపోయిందేమో ముందే నీళ్ళు పోసి చూసుకోండి. లేకపోతే పైపంతా బిగించాక తెలుస్తుంది.

కొత్త పైపు లింటెల్ పైన, అటక లోపలి నుంచి తీసుకెళ్ళండి. సీపీవీసీ ఎస్‌డీఆర్ 11 (పైపు మందం తరగతి) ముప్పావు 16 మీటర్లు తెప్పించండి (సింకు శాఖకి అర అంగుళం 4 మీటర్లు వేరే). పదో పన్నెండో ఎల్బోలు, రెండు టీలు, రెండు రెడ్యూసర్లు, ముప్పావు బాల్ వాల్వులు మూడు, ఇత్తడి దారాలున్న ఎంటీఏలు (బయట మరలున్న అడాప్టర్లు). దారం ప్లాస్టిక్‌దైతే రెంచితో బిగించేటప్పుడే చీలుతుంది, అదీ వెంటనే కారదు, మూడో నెలలో కారుతుంది. గీజర్ రెండు వైపులా సీపీవీసీ నేరుగా అంటించొద్దు, అడుగున్నర స్టీలు అల్లిక గొట్టం పెట్టండి. రేపు సర్వీసుకి విప్పాలన్నా సులువు. యూపీవీసీ (చన్నీళ్ళ ప్లాస్టిక్ పైపు) మిగిలిందని మాత్రం వేడి లైనులో వాడనివ్వకండి, మెత్తబడి కీళ్ళ దగ్గర ఊడుతుంది.

మూడడుగులకో క్లాంపు, అదీ పైపు జరిగేంత వదులుగా. 12 మీటర్ల సీపీవీసీ 40 డిగ్రీలు వేడెక్కితే 30 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు గోడల మధ్య నిటారుగా బిగించి సిమెంటు పూసేస్తే ఆ సాగుడు ఎల్బో మీద పడి పగులుతుంది. మధ్యలో ఒక చోట రెండు ఎల్బోలతో పైపుని పక్కకి మళ్ళించండి, గోడ దాటే చోట పెద్ద పైపు ముక్క తొడిగి అందులోంచి పోనివ్వండి. యుటిలిటీలో ఎండ పడే భాగానికి నీళ్ళలో కలిసే యాక్రిలిక్ రంగు వేయండి. మొత్తం లైనుకి 9 మిల్లీమీటర్ల నైట్రైల్ ఫోమ్ తొడిగితే ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసేటప్పుడు ఆ 37 సెకన్లు మళ్ళీ మళ్ళీ పోవు.

సొల్యూషన్ అంటించిన రోజే వేడినీళ్ళు వదలొద్దు, రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు గీజర్ కలపకుండా రెండు చివరలూ కట్టి, చేతి పంపుతో 6 బార్ ఎక్కించి అరగంట చూడండి. ముల్లు కదలకపోతేనే ఫోమ్ తొడగాలి.

బోరు నీళ్ళు కలుస్తున్నాయి కాబట్టి గీజర్‌కి వెళ్ళే చన్నీళ్ళ వైపు విప్పి కడుక్కునే జాలీ ఫిల్టర్ ఒకటి పెట్టండి. కాయిల్‌లో సున్నం పేరుకున్నప్పుడు మొదటి గుర్తు మంట పెద్దగా ఉన్నా నీళ్ళు సన్నగా రావడం. వేడి 50 డిగ్రీల దగ్గరే ఉంచితే సున్నం నెమ్మదిగా పడుతుంది.

నీలిమంట

గ్యాస్ వైపు పని మాత్రం ప్లంబర్‌కి అప్పజెప్పకండి. సిలిండర్ యుటిలిటీలోనే, నిలువుగా, గీజర్‌కి సూటిగా కింద కాకుండా పక్కకి ఉండాలి. గొట్టం ఐఎస్‌ఐ మార్కు సురక్షా హోస్ మాత్రమే, ఐదేళ్ళకి మార్చాలి. గోడలోంచి రబ్బరు గొట్టం పోకూడదు, స్టవ్ సిలిండర్‌కి టీ వేసి పంచుకోకూడదు.

పీఎన్జీ వచ్చాక ఈ గీజర్‌ని అలాగే కలపకూడదు. ఎల్పీజీ 30 మిల్లీబార్ దగ్గర సన్నని జెట్లతో మండుతుంది, పీఎన్జీ 21 మిల్లీబార్ దగ్గర, దానికి జెట్లు పెద్దవి కావాలి. కంపెనీ జెట్ కిట్ ఇస్తే వాళ్ళ టెక్నీషియన్ చేత మార్పించండి, లేకపోతే పీఎన్జీ మోడల్ కొనాలి. డ్రిల్లు పెట్టి రంధ్రం పెంచుతానన్నవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేయండి. గ్యాస్ మీటర్ జీ 1.6 సైజుదైతే గంటకి 2.5 ఘనపు మీటర్ల దాకా ఇస్తుంది. గీజర్‌కి 1.2 చుట్టూ, మూడు బర్నర్ల స్టవ్‌కి అర ఘనపు మీటరు పైన కావాలి, కాబట్టి సరిపోతుంది. బెంగళూరులో గెయిల్ గ్యాస్ వాళ్ళు మీ ఇంట్లో జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేసేటప్పుడే యుటిలిటీలో గీజర్‌కి విడిగా వాల్వున్న పాయింటు అడగండి. తర్వాత పొడిగించాలంటే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ లీకు పరీక్ష.

బిగించాక సబ్బు నురగతో ప్రతి జాయింటూ చూడండి. మంట నీలంగా, కదలకుండా ఉండాలి. పసుపు కొసలు కనిపిస్తే గాలి చాలట్లేదనో, బర్నర్‌లో బూజో. గీజర్‌లోని రెండు డీ సైజు బ్యాటరీలు నీరసిస్తే టిక్ టిక్ అంటూ వెలగదు, దాన్ని చూసి ప్రెషర్ తప్పనుకోవద్దు.

రెండో_అంతస్తు

చివరి ప్రశ్న. కార్బన్ మోనాక్సైడ్ అలారం యుటిలిటీలోనే, గీజర్ పక్కన పెట్టాలా?

నీలిమంట

వద్దండీ. గీజర్ పక్కనైతే ఊరికే మోగి మీరే బ్యాటరీ పీకేస్తారు. వంటింట్లో, యుటిలిటీ తలుపు నుంచి ఒకటి రెండు మీటర్ల లోపలికి, మనిషి ముఖం ఎత్తున పెట్టండి. స్టవ్ పైన, చిమ్నీ పక్కన వద్దు. ఈఎన్ 50291 (మోనాక్సైడ్ అలారాల ప్రమాణం) అని రాసి ఉన్నదే కొనండి. గ్యాస్ లీకు అలారం అని అమ్మేది వేరే వస్తువు, అది మోనాక్సైడ్‌ని పట్టదు. బాత్రూంలో పాత గ్యాస్ గొట్టం రంధ్రం సిమెంటుతో పూడ్చేయండి, వెంటిలేటర్ మాత్రం అలాగే ఉంచండి.